75 హెర్ట్జ్‌ల బేరం

(పర్లాకిమిడి. ముందు గదిలో డీటీపీ కొట్టు, వెనక గదిలో కాపురం. మధ్యలో గోడ ఉంది గానీ తగువులకి అది అడ్డం కాదు. ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా ఉండే పెళ్ళిపత్రికలు ఇక్కడ తయారవుతాయి. కొట్టు జయమ్మది. బరంపురం నుంచి సెకండ్‌హ్యాండ్ మానిటర్ మోసుకొచ్చిన ఘనత అప్పారావుది.)

జయమ్మ: ఏటండీ, ఈ పెళ్ళికొడుకు నిన్న ఇంత వెడల్పు లేడే!

అప్పారావు: కాశీనగర్ సంబంధం. కలిగినోళ్ళు. తిండికి లోటుండదు.

జయమ్మ: పక్కనున్న వినాయకుడూ లావయ్యాడు. ఆయనదీ కాశీనగరేనా? కలశం కూడా అడ్డంగా సాగింది.

అప్పారావు: కలశం సంగతి నాకు తెలీదు. పెళ్ళికొడుకుని మాత్రం నేను సరిసేశాను. ఫొటో వెడల్పు 75 శాతానికి తగ్గించాను. ఇంకో పేజీలో ఉన్నాడు, సూడు. చక్కగా లేడూ?

జయమ్మ: ఉన్నాడు. ఆ చక్కదనమే నాకు భయంగా ఉంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ సేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తియ్యండి. రిజల్యూషన్, అదే తెర మీద అడ్డం, నిలువు చుక్కల లెక్క, ఎంతుంది?

అప్పారావు: 1024, 768.

జయమ్మ: మానిటర్ ఎంతది?

అప్పారావు: 1920, 1080. డెబ్బై అయిదు హెర్ట్జ్! సెకనుకి అన్నిసార్లు బొమ్మ మారుతుందని డబ్బా మీద రాసుంది. ఆ 75 సూసే కొన్నాను.

జయమ్మ: నాలుగుకి మూడు బొమ్మని పదహారుకి తొమ్మిది తెర మీద సాగదీస్తే అందరూ మూడో వంతు లావవుతారు. వినాయకుడికి కూడా మినహాయింపు లేదు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో మానిటర్ పేరేటని ఉంది?

అప్పారావు: జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్. మన మానిటర్‌కి ఇంత పెద్ద పేరుందని ఆ కొట్టువాడు సెప్పలేదు.

జయమ్మ: అది పేరు కాదు, పేరు తెలీదని అర్థం. ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అని 128 బైట్ల చీటీ ఉంటుంది. నా సైజింత, నా హెర్ట్జ్ ఇంత అని అందులో రాసుంటుంది. విండోస్ దాన్ని కేబుల్ మీదే చదువుకుంటుంది. చదవలేకపోతే ఎందుకొచ్చిన గొడవని 1024 దగ్గర ఆగిపోతుంది. కేబుల్ తియ్యండి.

అప్పారావు: కేబుల్ మంచిదే. పాత మానిటర్‌దే. గట్టి కేబులు.

జయమ్మ: గట్టిదో కాదో కాదు, సూదులు లెక్కపెట్టండి. ఈ వీజీఏ కేబుల్‌కి మూడు వరసలు, పదిహేను సూదులు. 9వది లేకపోవడం మామూలే, దాని గురించి కంగారు పడకండి. 12, 15 ఉన్నాయా?

అప్పారావు: (కళ్ళద్దాలు పైకెత్తి) పన్నెండోది లోపలికి దూరిపోయింది. పదిహేనోది అసలు లేదు.

జయమ్మ: చీటీ చదివేది ఆ రెంటి మీదే. ఒకటి సమాచారానికి, ఒకటి గడియారానికి. మీరు బలంగా దోపారు.

అప్పారావు: వదులుగా దోపితే వదులంటావు, బలంగా దోపితే బలమంటావు.

జయమ్మ: సీపీయూ వెనకాల డీవీఐ అని ఇంకో రకం సాకెట్ ఉంది. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంది. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే కేబులు సొరుగులో ఉంది. అది పెట్టండి. ఆ తరవాత మానిటర్ మెనూలో ఇన్‌పుట్ మార్చండి.

(పెట్టారు. తెర ఒక్కసారి ఆరి వెలిగింది. వినాయకుడు మళ్ళీ వినాయకుడయ్యాడు.)

అప్పారావు: 1920, 1080. వచ్చేసింది! అయితే జయా, ఈ రెండో పేజీలో ఈ సన్నటివాడెవడు?

జయమ్మ: మీరు సరిసేసిన పెళ్ళికొడుకు. తప్పు తెరలో ఉంటే మీరు మనిషిని కోశారు. ఎవరికైనా పంపారా అది?

అప్పారావు: ప్రూఫ్ అడిగారు. వాట్సాప్‌లో పంపాను.

జయమ్మ: ఏటన్నారు?

అప్పారావు: పెళ్ళి బెంగతో సిక్కిపోయాడు పాపం అని ఆళ్ళమ్మ అంది.

జయమ్మ: మళ్ళీ పంపండి. ఈసారి 100 శాతం మీద.

అప్పారావు: పంపుతాను గానీ, ముందు ఇది సూడు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు 60 ఒక్కటే ఉంది. నా 75 ఏది?

జయమ్మ: పెళ్ళిపత్రికకి 75 ఎందుకు? పత్రిక మీద వినాయకుడు పరిగెట్టడు కదా.

అప్పారావు: పరిగెట్టినా పరిగెట్టకపోయినా డబ్బు 75కి ఇచ్చాను. పదిహేను హెర్ట్జ్‌లు బరంపురంలో వదిలేసి రాలేను.

జయమ్మ: అయితే లెక్క సెప్తాను, ఇనండి. పత్రికలో అచ్చయ్యే అక్షరాల చుట్టూ మార్జిన్ వదుల్తాం కదా? అచ్చు చిన్నదే అయినా కాగితం పెద్దదే కొనాలి. కేబుల్లో వెళ్ళే బొమ్మకీ అలగే మార్జిన్ ఉంటుంది. తెర మీద కనపడేది 1920, 1080. కేబుల్లో వెళ్ళేది అడ్డంగా 2200, నిలువుగా 1125. ఈ రెంటినీ హెర్ట్జ్‌తో గుణించండి.

అప్పారావు: (కాలిక్యులేటర్ నొక్కుతూ) 60కి 14,85,00,000. 75కి 18,56,25,000.

జయమ్మ: సెకనుకి కేబుల్లో వెళ్ళే ఆ చుక్కల లెక్కనే పిక్సెల్ క్లాక్ అంటారు. మెగా అంటే పది లక్షలు. 148.5 మెగాహెర్ట్జ్, 185.6 మెగాహెర్ట్జ్. సింగిల్ లింక్ డీవీఐ మోసేది 165. 60 పడుతుంది, 75 పట్టదు. అది తెలుసు గనకే డ్రైవర్, అదే తెరకి బొమ్మ పంపే సాఫ్ట్‌వేర్, 75ని జాబితాలో సూపించలేదు.

అప్పారావు: 165 దగ్గర గీత ఎవడు గీశాడు?

జయమ్మ: 1999లో డీవీఐ ప్రమాణం రాసినోళ్ళు.

అప్పారావు: 1936లో ఒడిశాకి గీసిన సరిహద్దు గీత దాటి రోజూ పాతపట్నం వెళ్ళొస్తన్నాం. ఇదీ దాటుదుం.

జయమ్మ: అక్కడ ఆటో ఉంది. ఇక్కడ లేదు. సీపీయూకి హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 340 దాకా మోస్తుంది, ఈ గొడవే లేదు. మనకి లేదు. డీవీఐలో డ్యుయల్ లింక్ అని ఇంకోటుంది గానీ, హెచ్‌డీఎంఐ కొసకి వెళ్ళే కేబులు దాన్ని మొయ్యదు. నేను పప్పు దింపొస్తాను. దేన్నీ ముట్టకండి.

(పప్పు దింపడానికి పట్టే వ్యవధి తక్కువే. కానీ వీడియో సూసి ఆచరించే మగవాడికి అది చాలు. ఆమె తిరిగొచ్చేసరికి నల్లటి తెర మీద ఔట్ ఆఫ్ రేంజ్ అనే పెట్టె ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది.)

జయమ్మ: ఏటి సేశారు?

అప్పారావు: ఏటీ సెయ్యలేదు.

జయమ్మ: సేసిన ఏటీ ఏటి?

అప్పారావు: కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అని, మానిటర్ చీటీ బదులు మన చీటీ రాసే సాఫ్ట్‌వేర్ దింపాను. డ్రైవర్ పరిమితి తీసేసే పాచ్ ఒకటుంటే అదీ నొక్కాను. అందులో 90 పెట్టాను.

జయమ్మ: 75 మానిటర్‌కి తొంభయ్యా?

అప్పారావు: అడిగేటప్పుడు ఎక్కువే అడగాలి. బేరంలో దిగుతుంది.

జయమ్మ: మానిటర్ బేరమాడదు. మరి 60 ఉండాలి కదా, దానికి తిరిగి రాలేదేం?

అప్పారావు: అది తీసేశాను. ఉంటే దానికే పారిపోతుందని.

జయమ్మ: ఓలమ్మా! అందులో మొదటి వరస దేనికో తెలుసా? విండోస్ మొట్టమొదట ఎంచుకునేది దాన్నే. మంచి 60ని పైన ఉంచి, కొత్తది కింద సేర్చాలి. సెట్టింగ్స్‌లో మారిస్తే 15 సెకన్లు ఆగి దానంతటదే వెనక్కి వస్తుంది. మీరు ఆ దారి కూడా మూసేశారు.

అప్పారావు: విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కమని వీడియోలో సెప్పాడు. నొక్కాను. కుయ్యిమంది.

జయమ్మ: అది డ్రైవర్‌ని మళ్ళీ లేపుతుందంతే. లేచాక కూడా మీరు రాసిన 90నే సూస్తుంది. పాత మానిటర్ ఏది?

అప్పారావు: పాతపట్నం బావమరిదికిచ్చాను. మంచి మనసుతో.

జయమ్మ: మీరు రాసిన రాత ఈ ఒక్క మానిటర్‌కే అంటుకుంటుంది. ఇంకే తెర తగిలించినా బొమ్మ వస్తుంది. ఇంట్లో ఇంకో తెర ఒక్కటే ఉంది.

అప్పారావు: అమ్మ సీరియల్ సూస్తోంది.

జయమ్మ: మీ అమ్మగారే కదా. మీరే అడగండి.

అప్పారావు: సేఫ్ మోడ్ లేదా? సేఫ్ మోడ్ ఏదో ఉంటుంది కదా!

జయమ్మ: ఉంది. విండోస్ లేస్తుండగా పవర్ మీట నొక్కిపట్టి ఆర్పాలి. రెండు మూడు సార్లు అలగ సేస్తే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. అప్పుడు 3 నొక్కితే తక్కువ రిజల్యూషన్, 4 నొక్కితే సేఫ్ మోడ్. దారి మంచిదే గానీ, లేస్తున్న యంత్రాన్ని మాటిమాటికీ పీక నొక్కడం నాకిష్టం లేదు. టీవీ దగ్గరికి నడవండి.

(అత్తగారి అనుమతి ప్రకటనల విరామం వరకే దొరికింది. సీపీయూ హాల్లోకి వచ్చింది. టీవీలో విండోస్ కనిపించింది గానీ, కింది పట్టీ సగం మాయం.)

అప్పారావు: టాస్క్‌బార్ కోసేసింది! టీవీ కూడా పాడైందా?

జయమ్మ: అది ఓవర్‌స్కాన్. పాతకాలం టీవీల అలవాటు, అంచులు కోసి మిగతాది పెద్దది సేసి సూపిస్తుంది. ఇది టీవీ మెనూలో సరవ్వాలి. పిక్చర్ సైజ్‌లోకెళ్ళి జస్ట్ స్కాన్ పెట్టండి. కొన్నిట్లో దాన్నే స్క్రీన్ ఫిట్ అంటారు. దీనికోసం 1880 అని ఏదో కొత్త రిజల్యూషన్ రాయకండి, అక్షరాలన్నీ మసకబారతాయి.

అప్పారావు: నేను రాస్తానని ఎవరన్నారు?

జయమ్మ: మీ వేలు కీబోర్డు మీద ఉంది. తియ్యండి. ఇప్పుడు మీరు దింపిన ఫోల్డర్లోనే రీసెట్ ఆల్ అని ఉంటుంది. నడపండి. తరవాత డ్రైవర్ మళ్ళీ శుభ్రంగా ఎక్కిద్దాం, ఆ పాచ్ పోతుంది. అప్పుడు రీస్టార్ట్.

(విరామం అయిపోయింది. లోపల్నుంచి దగ్గు వినిపించింది. కేబులు మానిటర్‌కి మారింది. 60 మీద తెర వెలిగింది.)

అప్పారావు: వచ్చింది. మంచిది. అయితే 75 లేనట్టేనా?

జయమ్మ: (నిట్టూర్చి) ఆ మార్జిన్ తగ్గించే దారి ఒకటుంది. వెనకటి గాజుగొట్టం మానిటర్లలో కిరణం ఒక వరస గీసి మళ్ళీ ఎడమ కొసకి రావడానికి వ్యవధి కావాలి, అందుకే అంత ఖాళీ వదిలేవారు. ఈ పలక తెరల్లో కిరణం లేదు. అందుకని రెడ్యూస్డ్ బ్లాంకింగ్ అని పెట్టారు. అడ్డంగా 160 పిక్సెళ్ళే ఖాళీ, అంటే మొత్తం 2080. నిలువు ఖాళీ 460 మైక్రోసెకన్లకి తగ్గకూడదు. హెర్ట్జ్ పెరిగేకొద్దీ వరసకి పట్టే వ్యవధి తగ్గుతుంది కదా, అందుకని ఆ 460లో పట్టే వరసలు పెరుగుతాయి. 60కి మొత్తం 1111, 75కి 1119.

అప్పారావు: 2080 ఇంటూ 1119 ఇంటూ 75... 17,45,64,000. ఇంకా దాటేసింది!

జయమ్మ: 70కి 1116 వరసలు. గుణించండి.

అప్పారావు: 16,24,89,600. లోపలే! పెట్టు, పెట్టు.

జయమ్మ: మీరే పెట్టండి, నేను సూస్తాను. మీరు దింపిన యుటిలిటీలోనే, డీటెయిల్డ్ రిజల్యూషన్స్‌లో యాడ్. టైమింగ్ దగ్గర సీవీటీ ఆర్‌బీ, అదే ఆ తగ్గించిన మార్జిన్. 1920, 1080. రిఫ్రెష్ రేటు 70. కింద పిక్సెల్ క్లాక్ 165కి లోపల రావాలి. ఓకే నొక్కేముందు 60 పైనుందా?

అప్పారావు: ఉంది తల్లీ, ఉంది.

జయమ్మ: ఇప్పుడు ఆ ఫోల్డర్లోనే ఉన్న రీస్టార్ట్64 నడపండి. డ్రైవర్ ఒక్కటే లేచి పడుకుని లేస్తుంది. ఆనక అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 70 ఎంచుకోండి.

అప్పారావు: 70! వెలిగింది! సూశావా?

జయమ్మ: వెలిగితే సరిపోదు. కొన్ని మానిటర్లు 70 తీసుకుంటాయి, 60 సూపిస్తాయి. మిగిలిన పదీ మింగేస్తాయి. గళ్ళు ఒకదాని తరవాత ఒకటి వెలిగే ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష తెరవండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ పదోవంతు సెకను పెట్టి, కదలకుండా ఫొటో తియ్యండి. వెలిగిన గళ్ళు ఏడు వరసగా ఉంటే నిజం 70. మధ్యలో గడి మానేస్తే దొంగ 70.

అప్పారావు: (ఫొటో తీసి) ఒకటి, రెండు... ఏడు. ఖాళీ లేదు. నిజం 70!

జయమ్మ: సంతోషం. ఇంక పెళ్ళికొడుకు ఫొటో...

అప్పారావు: ఆగు. 72కి వరసలెన్ని?

జయమ్మ: 1117. 16,72,81,920. దాటింది. లెండి.

అప్పారావు: 71కి?

జయమ్మ: 71 ఎవరు పెడతారండీ! అదేం అంకె?

అప్పారావు: వరసలెన్ని అనడిగాను.

జయమ్మ: ...1117.

అప్పారావు: 2080 ఇంటూ 1117 ఇంటూ 71. (ఒక్కో అంకే గట్టిగా చదువుతూ) 16 కోట్ల, 49 లక్షల, 58 వేల, 560. పదహారున్నర కోట్లకి లోపలే! ఇంకా 41,440 మిగిలాయి!

జయమ్మ: మిగిలినవి ఏటి సేస్తారు?

అప్పారావు: నువ్వు 70 అన్నావు. నేను 71 తెచ్చాను. పెద్దమ్మాయికి ఫోన్ కలుపు.

జయమ్మ: పెళ్ళికొడుకు వాళ్ళమ్మ ఫోన్ చేస్తోంది. ముందు ఆవిడకి సెప్పండి, మీ అబ్బాయి ఎందుకు సిక్కాడో.