‘వ్యక్తిగత కారణాల వల్ల’: ఒక సంతకం మీద వాదోపవాదం

తిరుపతి కొర్లగుంటలో ఒక మిద్దె మీద, రాత్రి భోజనాల తర్వాత జరిగిన వాదన ఇది. తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో మూడేళ్ల ఎనిమిది నెలలు మెషీన్ ఆపరేటర్‌గా చేశాడు. ఆర్డర్లు తగ్గాయని చెప్పి ఆ వారం అతని లైన్‌లో కొంతమందిని పిలిచి తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. అక్క ఊళ్లోనే ఒక ఆడిటర్ ఆఫీసులో చిన్న చిన్న యూనిట్ల పీఎఫ్, ఈఎస్ఐ (జీతంలోంచి నెలనెలా కోసే కార్మికుల బీమా) లెక్కలు చూస్తుంది. నేను వాళ్ల పెదనాన్న కొడుకుని. పక్కన కూర్చుని విన్నాను, గుర్తున్నంత వరకు రాస్తున్నాను. నాది అక్క పక్షం, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. అయినా తమ్ముడు అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు.

అక్క: ఆ కాగితం ఇట్లా ఇయ్యి. ‘వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.’ నీకు ఏం వ్యక్తిగత కారణం వచ్చిందిరా?

తమ్ముడు: అందరికీ అదే ప్రింటు అక్కా. కింద పేరు, టోకెన్ నంబరు రాసి సంతకం పెడితే చాలంట. సోమవారం పది గంటల్లోపు ఇస్తే ఒక నెల జీతం ఎక్కువ ఇస్తారు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తారు. పెట్టేద్దామనే అనుకుంటున్నా.

అక్క: పెట్టొద్దు. నిన్ను వాళ్లు తీసేశారు. తీసేశామని వాళ్లనే రాసివ్వమను. తర్వాత ఈఎస్ఐలో నిరుద్యోగ భృతికి అప్లై చెయ్యి.

తమ్ముడు: భృతా? ఎన్నికలప్పుడు స్టేజీల మీద చెప్తారే, అదా? వద్దక్కా. రెండు చేతులూ సరిగ్గా ఉన్నోణ్ణి, సర్కారు ముందర చెయ్యి చాపేదేంది? పాకాలలో మన నాయన చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా ఎవరి గడపా తొక్కలేదు.

అక్క: నువ్వు చెప్పేది వేరు. 2018లో ముఖ్యమంత్రి యువనేస్తం అని పెట్టారు, డిగ్రీ చదివి పని దొరకని వాళ్లకి నెలకి వెయ్యి రూపాయలతో మొదలైంది. అది ఖజానా నుంచి ఇచ్చింది. నేను చెప్పేది నీ జీతంలోంచి కట్టుకున్న బీమా. ఇంక నాయన సంగతి అంటావా, చెనక్కాయకి పంట బీమా వచ్చినప్పుడు పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని, తెల్ల పంచె కట్టుకుని బ్యాంకుకి పోయినాడు. నేనూ వెంట పోయినా. ఆయన అడుక్కున్నాడని నీకు అనిపించిందా?

తమ్ముడు: అది వాన పడక పోయిన పంట. అందరికీ తెలుసు. నాది అట్లా కాదు. పని పోయిందంటే ‘వీడిలో ఏదో లోపం ఉంటుంది’ అనే అంటారు. నిన్న పాలు పోసే ఆయన కూడా ‘ఏమబ్బా, ఇంట్లోనే ఉండావు’ అన్నాడు. లీవు పెట్టినా అని అబద్ధం చెప్పినా.

(ఈ మాట చెప్పేటప్పుడు అతను మా ఇద్దరి మొహం చూడలేదు. ఘాట్ రోడ్డు లైట్ల వైపు చూస్తూ చెప్పాడు. పని పోవడం కంటే పోయిందని చెప్పుకోవడమే ఎక్కువ బరువనిపించింది నాకు.)

అక్క: సరే, ఫోన్‌లో నీ పే స్లిప్ తియ్యి. కోతల దగ్గర ఏముంది?

తమ్ముడు: పీఎఫ్... ఈఎస్ఐ 135.

అక్క: పద్దెనిమిది వేలకి ముప్పాతిక శాతం, 135. అది నీది. అదే పద్దెనిమిది వేల మీద కంపెనీ మూడుంపావు శాతం కట్టాలి, 585. రెండూ కలిస్తే నెలకి 720 నీ పేరు మీద పోయింది, నలభై నాలుగు నెలలు. ఎంతయింది?

తమ్ముడు: ముప్పై ఒక్క వేల పైన... 31,680.

అక్క: అమ్మకి మోకాళ్లు చూపించడానికి ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకుపోయినావు గదా, ఆ కార్డు మీదే. అప్పుడు నీకు సిగ్గనిపించలేదు, అది మన హక్కన్నావు. అదే కార్డు, అదే చందా. జబ్బు చేస్తే ఒక న్యాయం, పని పోతే ఒక న్యాయమా?

తమ్ముడు: ఎంత వస్తుంది? అది చెప్పు.

అక్క: దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. పని పోయే ముందు రెండేళ్లలో నువ్వు సంపాదించిన మొత్తాన్ని 730తో భాగిస్తారు. సగటున పద్దెనిమిది వేలనుకో, రోజుకి 592 రూపాయలు. అందులో సగం, 296. అట్లా గరిష్ఠంగా 90 రోజులు. మొత్తం మీద ఇరవై ఆరు వేల ఆరు వందల దగ్గర్లో వస్తుంది. మొదట్లో పావు వంతే ఇచ్చేవాళ్లు, కోవిడ్ ఏడాది 2020లో సగం చేశారు.

తమ్ముడు: మూడు నెలలకి ఇరవై ఆరు వేలు! ఈ ఇంటి బాడుగ, బండి ఈఎంఐ కడితే అయిపాయ. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలా? ఆ తిరిగే రోజుల్లో బైక్ ట్యాక్సీ తోలుకున్నా అంత వస్తుంది.

అక్క: బాడుగ, ఈఎంఐ అయిపోవడమే గదరా కావాల్సింది. అవి రెండూ కట్టగలిగితే దొరికిన మొదటి పనికల్లా తల ఊపకుండా నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి పోవచ్చు. లేకపోతే రెండో నెలలోనే పదకొండు వేలకి ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పరిగెత్తుతావు. ఆ తర్వాత నీ జీతం మళ్లీ పద్దెనిమిదికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకో. ఇంకో పని దొరికిన రోజు నుంచి భృతి ఆగిపోతుంది, అందులో తప్పేమీ లేదు.

తమ్ముడు: సరే, ఇంకో మాట. ఇది జన్మకి ఒక్కసారే అని మా వాడొకడు చెప్పినాడు. నిజమేనా?

అక్క: నిజమే.

తమ్ముడు: మరి? నాకింకా ముప్పై రాలేదు. రేపు బిడ్డ స్కూలు, అమ్మ ఆపరేషను... అప్పుడు పని పోతే ఏం చెయ్యాలి? ఈ అస్త్రం ఇప్పుడే వాడేస్తే అప్పుడు చేతిలో ఏముంటుంది?

(మంచి ప్రశ్న. అక్క కాసేపు మాట్లాడలేదు. నేనైతే ఇక్కడ ఓడిపోయేవాణ్ణి.)

అక్క: దాచుకోవచ్చు, ఎప్పటికీ ఉండే వస్తువైతే. ఇది 2018 జూలై 1న రెండేళ్ల ప్రయోగంగా పెట్టిన పథకం. ఇప్పటిదాకా పొడిగింపుల మీదే నడిచింది. నీకు నలభై అయిదేళ్లు వచ్చేనాటికి ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఇంకోటి, అప్పటికి నీ జీతం 21 వేలు దాటిపోతే నువ్వు ఈఎస్ఐలోనే ఉండవు.

తమ్ముడు: చూసినావా, నువ్వే చెప్తున్నావు. మా సూపర్‌వైజర్ది అదే కథ. ఇరవై మూడు వేలు. ఆయన్నీ పిలిచి అదే కాగితం ఇచ్చినారు. ఇద్దరు పిల్లలు. ఆయనకి ఈ భృతి లేదు. రెండు వేలు జీతం పెరిగినందుకు ఆసరా పోయింది. ఇదేం బీమా?

అక్క: ఆ 21 వేల గీత 2017లో గీసింది. ధరలు పెరిగాయి, గీత కదల్లేదు. దాన్ని నేను సమర్థించను.

తమ్ముడు: ఇంక కాంట్రాక్టు పిల్లోళ్లు. మా లైన్‌లోనే పన్నెండు మంది. సత్యవేడు నుంచి, శ్రీకాళహస్తి నుంచి వచ్చి ఒక్కో రూమ్‌లో ఆరుగురుంటారు. వాళ్లకి కాగితం కూడా ఇవ్వలేదక్కా. ‘రేపటి నుంచి బస్సు ఎక్కొద్దు’ అని ఫోన్‌లో చెప్పినారు. అందులో ఒకడికి ఈఎస్ఐ నంబరే లేదు. వాళ్లు అట్లా పోతుంటే నేను పోయి భృతికి అప్లై చేసుకోవాలా?

అక్క: కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యాజమాన్యమే వాళ్ల చందా కట్టాలని చట్టంలో ఉంది. ఆ పిల్లోడు ఈఎస్ఐ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

తమ్ముడు: ఇస్తే? వాడు ఆడ పని చేసినాడని రుజువేది? గేటు పాసు కూడా వెనక్కి తీసుకున్నారు. ఆ ఫిర్యాదు తేలేసరికి వాడు చెన్నై పోయి ఏ హోటల్లోనో ప్లేట్లు కడుగుతుంటాడు.

(దీనికి అక్క దగ్గరా జవాబు లేదు. ఆమె లేదనే చెప్పింది. చట్టంలో ఉన్నది ఆ పిల్లవాడి దాకా చేరే దారి మాకెవరికీ కనిపించలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.)

అక్క: వాడికి రాలేదని నువ్వు వదులుకుంటే వాడికేం వస్తుంది, చెప్పు. నీకొచ్చింది నువ్వు తీసుకో. వాడి ఫిర్యాదుకి సాక్షిగా సంతకం పెట్టు. నువ్వు వాడితో కలిసి పని చేశానని రాస్తే, అదీ ఒక రుజువే.

తమ్ముడు: పెడతా. అది పెడతా. కానీ నా సంగతి హెచ్‌ఆర్‌కి తెలిస్తే? రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ... హెచ్‌ఆర్‌లందరికీ ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. ‘వాడు గొడవ మనిషి’ అని ఒక్క మెసేజ్ చాలు. నాకు టెన్షన్ అంతా అదే.

అక్క: క్లెయిమ్ కంపెనీ చేతుల మీదుగా పోవాల్సిన పని లేదు. ముందు ఉండేది, 2020లో తీసేశారు. పని పోయి 30 రోజులు దాటాక నువ్వే ఈఎస్ఐ సైట్‌లోకి నీ బీమా నంబరుతో లాగిన్ అయి నింపుతావు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు అప్‌లోడ్ చేస్తావు. బ్రాంచి ఆఫీసు వాళ్లు రికార్డు చూసుకుంటారు. డబ్బు నీ ఖాతాలో పడుతుంది. ముందు నీ ఆధార్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉందా చూసుకో. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం ఉంటే అక్కడే ఆగిపోతుంది. మా ఆఫీసుకి వచ్చే వాళ్లలో సగం మందికి అదే తంటా.

తమ్ముడు: ఇంత సులభమైతే కాగితం మీద సంతకం పెట్టి కూడా అప్లై చెయ్యొచ్చు గదా? నెల జీతమూ వస్తుంది, ఇదీ వస్తుంది.

అక్క: అదేరా నేను ఇందాకటి నుంచి చెప్తున్నది! విను. నెలనెలా ఈఎస్ఐ రిటర్ను నేనే వేస్తా గదా. ఒక మనిషి పేరు ఎదురుగా పని రోజులు సున్నా అని కొడితే, పక్క గడిలో కారణం అడుగుతుంది. అక్కడ వరసగా ఉంటాయి: సెలవులో ఉన్నాడు, ఉద్యోగం వదిలేశాడు, రిటైర్ అయ్యాడు, రిట్రెంచ్‌మెంట్, అంటే కంపెనీయే మనుషుల్ని తగ్గించుకుంది అని... ఏది కొట్టాలి? నేను ఫైల్లో కాగితం చూస్తా. రాజీనామా ఉంటే ‘ఉద్యోగం వదిలేశాడు’ అని కొడతా. అరక్షణం పని. నాకు ఆ మనిషి మొహం కూడా తెలియదు. ఎన్నిసార్లు కొట్టినానో. ఇప్పుడు ఆ వరసలో నీ పేరు కనిపిస్తోంది నాకు.

(అక్క గొంతు ఇక్కడ మారింది.)

తమ్ముడు: వదిలేశాడు అంటే రాదా?

అక్క: తప్పు చేసినందుకు తీసేసినా, వయసై రిటైరైనా, స్వచ్ఛందంగా విరమించుకున్నా ఈ పథకం వర్తించదు. నీ చేత్తో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసిచ్చాక, నా ఇష్టంతో కాదు మహాప్రభో అని ఎవరి దగ్గర మొత్తుకుంటావు? అదొక్కటే కాదు. రిట్రెంచ్‌మెంట్ అని తేలితే 2005 నుంచి ఇంకో పథకం ఉంది, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, మనుషుల్ని తగ్గించినా రెండేళ్ల దాకా భృతి, ఆ కాలమంతా ఇంటిల్లిపాదికీ వైద్యం. ఇంకా చట్టప్రకారం నెల నోటీసు, లేదా నెల జీతం. సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతం. ఆరు నెలలు దాటిన ముక్కనీ ఏడాదిగానే లెక్కేస్తారు. నీకు నాలుగేళ్ల లెక్కన అరవై రోజుల జీతం. వాళ్లు ఇస్తామంటున్న ఆ ‘ఎక్కువ’ నెల జీతం ఎట్లాగూ నీకు రావాల్సిందే.

తమ్ముడు: అయితే వాళ్లు ఆ కాగితం ఇచ్చింది...

అక్క: అవన్నీ నీ చేత్తోనే వదిలించుకోమని. నిలువుదోపిడీ కొండ మీద దేవుడికి ఇస్తాం. కంపెనీకి ఇవ్వం.

తమ్ముడు: ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వకపోతే?

అక్క: కష్టమే. ఇవ్వరని కాదు, సతాయిస్తారు. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డరు, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలు అన్నీ ఈ రాత్రే తీసి పెట్టుకో. కంపెనీ మెయిల్ ఆపేసేలోపు.

తమ్ముడు: నేనొక్కణ్ణే సంతకం పెట్టకపోతే నన్ను ఒంటరిని చేస్తారక్కా. మిగతావాళ్లు పెట్టేస్తారు.

అక్క: వాళ్లకి తెలియదు కాబట్టి పెడతారు. నీకు గంట క్రితం తెలిసిందా?

అతను జవాబు చెప్పలేదు. కింద నుంచి బిడ్డ ఏడుపు వినిపిస్తే దిగి వెళ్లి, పది నిమిషాల తర్వాత నోట్‌బుక్కు, పెన్ను పట్టుకుని వచ్చాడు.

తమ్ముడు: సోమవారం ఏం చెప్పాలో చెప్పు. ఇంగ్లీషు వద్దు. ఆయన ముందర నాకు ఇంగ్లీషు రాదు.

అక్క: రాసుకో. ‘నేను రాజీనామా చేయడం లేదు. పనికి రావడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పని నుంచి తొలగిస్తుంటే, ఆ సంగతి, తేదీ, కారణం కాగితం మీద ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’ రెండు కాపీలు తీసుకుపో. ఒకదాని మీద వాళ్ల చేత అందిందని రాయించుకో. రాయకపోతే స్పీడ్ పోస్టులో పంపు.

తమ్ముడు: ‘కోరుతున్నాను’ తీసేస్తా అక్కా. ‘ఇవ్వండి’ అని రాస్తా.

అక్క: రాయి.