శాలువాతో సరిపెట్టొద్దు

మన ప్రవాస తెలుగు సంఘం వేడుకల్లో పెద్దలకు మొదటి వరుసలో కుర్చీలు వేస్తాం, శాలువా కప్పుతాం, పక్కన నిలబడి ఫొటో దిగుతాం. ఆ తర్వాత వాళ్లతో కూర్చుని మాట్లాడేది ఎవరు? సెలవులకు విశాఖ వెళ్లినా అదే తంతు. లిఫ్టులో ఎదురైన పెద్దాయనకు ఓ నమస్కారం, "ఆరోగ్యం బాగుందా అండీ", అంతే. మర్యాదకు లోటు లేదు గానీ స్నేహం లేదు. విశాఖ మూలాలున్న ప్రతి ప్రవాసికీ ఆ ఊళ్లో, సొంత కుటుంబం బయట, డెబ్బై ఏళ్ల స్నేహితుడో స్నేహితురాలో ఒకరైనా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

కుటుంబం బయటే ఎందుకంటే, అమ్మానాన్నలతో మాట ఎక్కడ మొదలైనా బీపీ మాత్రల దగ్గరో, స్థలం కాగితాల దగ్గరో, పిల్ల పెళ్లి దగ్గరో తేలుతుంది. బయటి పెద్దలకు మన మీద ఆశలూ ఉండవు, ఫిర్యాదులూ ఉండవు. ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం, వీసా చిక్కు, పదహారేళ్ల కొడుకు మాట్లాడటం మానేసిన సంగతి, ఇలా ఇంట్లో కంగారు పడతారని దాచేవన్నీ వాళ్లకు చెప్పుకోవచ్చు. చెప్పాలి కూడా. శుభవార్తలే వినిపిస్తుంటే వాళ్ల అనుభవం మనకు అందేదెలా? ఉక్కు కర్మాగారంలో ఏళ్ల తరబడి మూడు షిఫ్టులూ చేసి రిటైరైన మనిషికి, నిద్ర చెడినా ఇల్లు చెడకుండా ఎలా నెట్టుకురావాలో తెలుసు.

పరిచయానికి బీచ్ రోడ్డును మించిన చోటు లేదు. అమెరికా నుంచి దిగినవాళ్లకు మొదటి వారమంతా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఆ వేళను ఫోనుకు ధారపోయకుండా ఐదింటికల్లా ఆర్కే బీచ్‌కి వెళ్లండి. మే, జూన్ నెలల్లో అయిదున్నరలోపే సూర్యోదయం. ఏడు దాటితే ఎండా, ఉక్కపోతా. నడక వాళ్ల వేగంలోనే ఉండాలి, బాగా వినపడే చెవి వైపే నడవాలి. మొదటి రోజే ప్రశ్నలు గుప్పించొద్దు. వరసగా నాలుగు రోజులు కనబడితే పలకరింపు వాళ్ల వైపు నుంచే వస్తుంది.

"పాత విశాఖ గురించి చెప్పండి" అంటే "ఏముంది బాబూ, అంతా మారిపోయింది" అన్న జవాబే వస్తుంది. ప్రశ్నకు ఒక తేదీ, ఒక చోటు ఉండాలి. 1966 నవంబరు 1న ఉక్కు ఉద్యమంపై కాల్పులు జరిగినప్పుడు మీరు ఏ వీధిలో ఉండేవారు? 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిన రోజుల్లో రాత్రిళ్లు ఇంట్లో దీపం పెట్టేవారా? ఉద్యమం నాటికి పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నారు.

అయితే కబుర్ల కన్నా కలిసి చేసే పని స్నేహాన్ని గట్టిపరుస్తుంది. చేపల బజారునే తీసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. వేసవి సెలవులకు వచ్చినవాళ్లు ఇది తెలియక, ఐసులో పాతబడ్డ వంజరాన్ని తాజాదనుకుని కొంటారు. అలవాటున్న పెద్దావిడ ముందు మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే వద్దు. కన్ను గుంటపడకూడదు. వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. ఆ రెండు నెలలూ ఇంజను లేని తెప్పల మీద దగ్గర్లో పట్టి తెచ్చిన చిన్న చేపలే మేలని కూడా ఆవిడే చెబుతుంది. ఇదంతా పక్కన నిలబడితేనే మన చేతికి వస్తుంది.

ఇలాంటి స్నేహాన్ని పాడుచేసేది ఎక్కువగా మన అవసరమే. ఫ్లాటు అద్దె వసూలు, కరెంటు బిల్లు, రిజిస్ట్రారు ఆఫీసు పని ఆయనకు అప్పగించారంటే అక్కడితో సరి. ఆ తర్వాత ఆయన మనకు జీతం లేని మేనేజరే. ఖరీదైన కానుకలూ వద్దు, తిరిగి ఏం ఇవ్వాలా అని సతమతమవుతారు. వాళ్లు మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెడితే మాత్రం మొహమాటపడకుండా తీసుకోండి. కులం గురించో పెళ్లిళ్ల గురించో మనకు మింగుడుపడని మాట అంటే, "నాకది ఒప్పుదల లేదండీ" అని నేరుగా చెప్పండి. తలూపి తప్పించుకుంటే అది మళ్లీ శాలువా కప్పడమే.

తిరిగి వెళ్లాక ఫోను. వేళను విశాఖ గడియారంతో ఖాయం చేసుకోవాలి. అక్కడ ఆదివారం సాయంత్రం ఆరున్నర అంటే న్యూయార్కులో వేసవిలో ఉదయం తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. నవంబరులో మీ గడియారం వెనక్కి జరిగాక కూడా తొమ్మిదికే చేస్తే, పెద్దాయన గంటసేపు ఎదురుచూసి, భోజనం వేళకు ఫోనెత్తాల్సి వస్తుంది. వయసుతో ముందు తగ్గేది సన్నని ధ్వనుల వినికిడి. అచ్చులు వినబడతాయి, స, శ, ఫ లాంటివి జారిపోతాయి. అందుకే అరిస్తే లాభం లేదు. కీచుగా కాకుండా మంద్రంగా, నిదానంగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. వీడియోలో వెలుతురు మీ ముఖం మీద పడితే పెదవుల కదలిక వాళ్లకు సాయపడుతుంది.

ఊరు వదిలేముందే వాళ్ల పిల్లలకు మీరెవరో తెలియాలి. పోలీసులమంటూ ఫోనులో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్టు మోసాల రోజుల్లో విదేశీ నంబరు నుంచి తండ్రికి వారం వారం ఫోనొస్తుంటే ఏ కూతురైనా అనుమానిస్తుంది, అనుమానించాలి కూడా. ఆయన ఎదుటే పరిచయం చేసుకుని, ఆయన ఒప్పుకుంటే నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. ఆయన ఆసుపత్రిలో చేరితే మీకు కబురు చేయాలని వాళ్లకు తట్టేది అప్పుడే.