అయిదో యూనిట్‌ను ఖాళీగా వదలండి

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే చాలు, కాకినాడ నుంచి భీమవరం దాకా ఎంబీఏ కళాశాలల ఫ్లెక్సీల మీద బిజినెస్ అనలిటిక్స్, డిజిటల్ మార్కెటింగ్, కృత్రిమ మేధ పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. పేపరు పేరు మారితే పాఠం మారినట్టు కాదు. ఒకసారి ఖరారైన సిలబస్ సాధారణంగా మూడు నాలుగేళ్లు నడుస్తుంది. 2022లో రాసినదాన్ని 2025లో చేరినవారు చదివి, 2027లో బయటికొస్తారు. ఈ మధ్యలో ఎన్ని జరిగాయో చూడండి. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చింది. 2023 జులైలో కేంద్రం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. 2023 ఆగస్టు నుంచి అయిదు కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులకు ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు, తప్పనిసరైంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు, నవంబరులో కార్మిక చట్టాలు మారాయి. కాకినాడ రేవులో బియ్యానికి, భీమవరం చెరువుల్లో రొయ్యకు తగిలిన దెబ్బలు ఇక్కడి ఎంబీఏ తరగతి గదిలోకి ఎందుకు రావడం లేదన్నదే మా ప్రశ్న.

అలాగని కొత్త పేరు వినపడగానే పేపరు పెట్టడం మందు కాదు. డిజిటల్ మార్కెటింగ్ సిలబస్‌లో వెబ్‌సైటు సందర్శకులను లెక్కగట్టే గూగుల్ యూనివర్సల్ అనలిటిక్స్ తెరలను వివరంగా రాసుకున్నచోట, 2023 జులై 1న ఆ సాధనం డేటా తీసుకోవడం ఆపేసింది. ఆ పాఠం ఒక్క రోజులో చెల్లనిదైంది. సిలబస్‌లో ఉండాల్సింది సాధనం పేరు కాదు, దానితో చేయాల్సిన పని. కాస్టింగ్ (ఖర్చుల లెక్క), గణాంకశాస్త్రం, వ్యాపార చట్టం లాంటి పునాది పేపర్లను తగ్గించి జాగా చేయడం మరింత నష్టం. కొత్త సమస్యను విప్పేది ఆ పాత లెక్కలే.

రొయ్యనే తీసుకోండి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. లక్ష రొయ్యలు బతికి ఉన్న చెరువును 100 కౌంట్‌లో పడితే టన్ను వస్తుంది, 50 కౌంట్ దాకా ఆగితే రెండు టన్నులు. అదనపు టన్నుకు మేత మార్పిడి నిష్పత్తి, అంటే కిలో రొయ్య పెరగడానికి పట్టే మేత, 1.5 అనుకుంటే టన్నున్నర మేత కావాలి. దానికి నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు, డీలరు దగ్గర అప్పుకు తెచ్చిన మేతపై వడ్డీ, ఆగిన ప్రతి రోజూ తెల్లమచ్చ తెగులు భయం కలపాలి. అవతల ఎగుమతిదారు డీడీపీ (సుంకం కట్టి సరకు చేర్చే) షరతు మీద అమ్మి ఉంటే సుంకం కట్టాల్సింది అతనే. 2025 ఆగస్టు నాటి 50 శాతం చొప్పున లక్ష డాలర్ల సరకుకు 50 వేల డాలర్లు, ఆపైన మరీ చౌకగా అమ్మారనో ప్రభుత్వ రాయితీ పొందారనో వేసే యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు. ఆ భారం ఏ కౌంట్ ధరలో ఎంత తగ్గింపుగా రైతు దాకా దిగుతుంది? ఉపాంత వ్యయం (అదనపు టన్నుకయ్యే ఖర్చు), వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ పెట్టుబడి), ఇన్‌కోటెర్మ్స్ (డీడీపీ లాంటి అమ్మకం షరతులు), నష్టభయం లెక్క అన్నీ ఈ ఒక్క చెరువు గట్టు మీదే ఉన్నాయి. ఇంతకు మించిన కేస్ స్టడీ కోసం విదేశీ పుస్తకాలు వెతకక్కర్లేదు.

చెల్లింపుల గడువూ అంతే. సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటి మార్చి 31కి బాకీ ఉన్న మొత్తాన్ని కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు, కట్టిన ఏడాదే చూపాలి. కోనసీమ కొబ్బరి పీచు యూనిట్‌కు ఓ భాగస్వామ్య సంస్థ 10 లక్షలు అలా బాకీ పడితే, 30 శాతం చొప్పున మూడు లక్షల పన్ను ముందే పడుతుంది, సెస్సు అదనం. డెల్టాలో ఉద్యోగంలో చేరే ఫైనాన్స్ విద్యార్థికి మొదటి మార్చిలోనే ఎదురయ్యే పని ఇది.

అసలు చిక్కు పరీక్షలో ఉంది. అనలిటిక్స్ పేపరుకు మూడు గంటల రాతపరీక్ష పెట్టి ‘పివట్ టేబుల్ (స్ప్రెడ్‌షీట్‌లో డేటాను క్రోడీకరించే పట్టిక) దశలు రాయుము’ అని అడిగితే, కంప్యూటర్ ముట్టని వారికీ మంచి మార్కులు వస్తాయి. ప్రాజెక్టుల సంగతి తెలిసిందే: ఉద్యోగుల సంతృప్తిపై వంద మందితో సర్వే, సంస్థ పేరు మార్చి బైండింగ్ చేసిన పాత నివేదిక. ఇప్పుడు దాన్ని కృత్రిమ మేధ నిమిషాల్లో రాసిపెడుతోంది.

ప్రతి పేపరులో అయిదు యూనిట్లుంటే నాలుగింటిని స్థిరంగా ఉంచి, అయిదోదాన్ని ఖాళీగా వదలాలి. ఏటా జూన్‌లో బోధకులు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఒక మిల్లరో ఎగుమతిదారో కలిసి దాన్ని నింపాలి. సిలబస్ తామే రాసుకునే అటానమస్ కళాశాలలు తమ సిలబస్ కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌తోనే ఈ పని చేయగలవు. అనుబంధ కళాశాలలకు ఉమ్మడి ప్రశ్నపత్రం అడ్డొస్తుంది కాబట్టి, ఆ యూనిట్‌ను ఇంటర్నల్ మార్కుల్లోకి మార్చేలా జేఎన్‌టీయూ కాకినాడ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాలు నిబంధన సవరించాలి. ప్రాజెక్టుతో పాటు ముడి డేటా ఫైలు తీసుకుని, వైవాలో ఒక పట్టికను అక్కడికక్కడే మళ్లీ లెక్కగట్టించాలి. 15 ఏళ్ల అనుభవమున్న వృత్తి నిపుణులను మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే వీలు కల్పించింది. ఈ ఏడాది అయిదో యూనిట్‌లో ఏం చెబుతారో, ఎవరు చెబుతారో ప్రతి కళాశాలా కౌన్సెలింగ్‌కు ముందే ప్రకటించాలి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఫ్లెక్సీని కాదు, ఆ కాగితాన్ని అడగాలి.