బ్యాంకాక్‌లో జేబుదొంగ కంటే నవ్వుతూ పలకరించేవాడే ఖరీదు

బ్యాంకాక్ బయల్దేరేవాళ్లకి మన దగ్గర దొరికే సలహాలన్నీ జేబు చుట్టూనే తిరుగుతాయి. పర్సు వెనక జేబులో పెట్టొద్దు, గొలుసు ఇంట్లోనే తీసి పెట్టి వెళ్లు, పాస్‌పోర్టు నడుముకు కట్టుకో, రాత్రిళ్లు ఒంటరిగా తిరగొద్దు. చెడ్డ సలహాలేం కావు. కానీ అక్కడ టూరిస్టులు డబ్బు పోగొట్టుకునే తీరు చూస్తే, కత్తి చూపించి లాక్కున్న కథలకంటే చేతులారా తీసిచ్చిన కథలే ఎక్కువగా వినిపిస్తాయి. రాత్రి పొద్దుపోయాక సుఖుమ్‌విత్ రోడ్డు మీద ఒంటరిగా నడిచిన అమ్మాయి మామూలుగా హోటల్‌కి చేరుకుంటుంది. పట్టపగలు, గుడి ముందు, నలుగురు మగాళ్లున్న గ్యాంగ్‌కి మాత్రం టోపీ పడుతుంది.

గ్రాండ్ ప్యాలెస్ సంగతే తీసుకోండి. మరకత బుద్ధుడి గుడి ఉన్నది అందులోనే, విదేశీయులకు టికెట్ 500 బాత్ (థాయ్ కరెన్సీ), దాదాపు ఏడాదంతా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే తెరుస్తారు. గేటుకి కాస్త దూరంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురై, ఇండియా నుంచి వచ్చారా అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఇవాళ ఏదో పూజ ఉంది, ప్యాలెస్ మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా వేరే గుళ్లు చూసి రండి, అదిగో ఆ టక్‌టక్ (అక్కడి ఆటో) అయితే 20 బాత్‌కే అన్నీ తిప్పుతుంది అంటాడు. 20 బాత్‌కి బ్యాంకాక్‌లో ఏ టక్‌టక్కూ ఊరంతా తిప్పదు, ఆ మాట దగ్గరే మనకి అనుమానం రావాలి. రాదు, ఎందుకంటే చవగ్గా దొరికిందన్న ఆనందం అనుమానాన్ని మింగేస్తుంది.

టక్‌టక్ జనం లేని ఒక చిన్న గుడి దగ్గర ఆగుతుంది, అక్కడ ఇంకొకాయన ఉంటాడు. ఈయన మీకేమీ అమ్మడు. మాటల మధ్యలో, ఏదో ప్రభుత్వ స్కీములో రత్నాలు పన్ను లేకుండా ఇస్తున్నారని, ఇవాళే ఆఖరని, తన బంధువు కొని విదేశంలో రెట్టింపు ధరకి అమ్ముకున్నాడని చెప్తాడు. ఆ తర్వాత డ్రైవర్ తిన్నగా రత్నాల షాపు ముందు ఆపుతాడు. ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు కనిపించే ముగ్గురు ఒకే మాట చెప్పారు కదా, అబద్ధం ఎలా అవుతుంది అనుకుంటాం. ఈ మోసం నిలబడేది సరిగ్గా అక్కడే. షాపులో ఇచ్చేవి గాజు ముక్కలు కూడా కాకపోవచ్చు, నిజం రాళ్లే, నాసిరకం రాళ్లు, ధర మాత్రం అసలు విలువకి ఎన్నో రెట్లు. అందుకే తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్లినా మోసమని నిరూపించడం కష్టం, రాళ్లు అడిగారు, రాళ్లు ఇచ్చారు అంతే. ఈ నాటకం దశాబ్దాలుగా ఆడుతోంది, నమ్మొద్దని హెచ్చరికలూ పెట్టారు, ఇంకా ఆడుతూనే ఉంది.

దీని వెనక ఉన్న లెక్క అర్థమైతే బ్యాంకాక్ సగం అర్థమైనట్టే. డ్రైవర్‌కి మీ 20 బాత్‌తో పని లేదు. మిమ్మల్ని షాపు గుమ్మం దాటిస్తే చాలు, మీరు కొన్నా కొనకపోయినా పెట్రోలు కూపన్ వస్తుంది, కొంటే కమీషన్ వేరే. ఒక్క రోజులో సూటు కుట్టిస్తామనే టైలర్ షాపులు, పడవ ఎక్కే రేవుల దగ్గర ప్రైవేట్ లాంగ్‌టెయిల్ బోటు (పొడుగాటి మోటారు పడవ) మాట్లాడి పెడతామనే బ్రోకర్లు, రాత్రి మసాజ్ సెంటర్ చూపిస్తామనేవాళ్లు, వీళ్లందరిదీ ఇదే లెక్క. కాబట్టి బ్యాంకాక్‌లో మనిషి మంచివాడా చెడ్డవాడా అని ముఖం చూసి తేల్చుకోవాలని చూడటం వృథా. ముందుగా ఎవరు మాట కలిపారో చూసుకోండి. దారి తెలియక మీరు వెళ్లి అడిగితే థాయ్ జనం భాష రాకపోయినా చెయ్యి పట్టుకున్నంత పనిచేసి చూపిస్తారు. తనంతట తాను రోడ్డు దాటి వచ్చి, ప్యాలెస్ మూసేశారని చెప్పేవాడు మాత్రం వేరే రకం. థ్యాంక్స్ చెప్పి నడుచుకుంటూ గేటు దాకా వెళ్లండి, తెరిచే ఉంటుంది.

ట్యాక్సీల గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. మీటర్ 35 బాత్ దగ్గర మొదలవుతుంది, మీటర్ వేయనన్నవాణ్ని వదిలేసి ఇంకోటి ఆపండి, లేదంటే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఉన్నాయి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ క్యూ దగ్గర మెషీన్ ఇచ్చే స్లిప్ డ్రైవర్ అడిగినా ఇవ్వకండి, సామాను మర్చిపోయినా గొడవైనా కారు నంబరు అందులోనే ఉంటుంది. మీటరు మీద 50 బాత్ ఎయిర్‌పోర్టు చార్జీ, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ న్యాయంగా ఇవ్వాల్సినవే, వాటికి కూడా దోపిడీ దోపిడీ అని అరిచే మనవాళ్లుంటారు. ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు రూపాయల్లో మార్చి చూపిస్తే వద్దని నొక్కి, బాత్‌లోనే కట్ అయ్యేలా చూసుకోండి. ఇంకొకటి, 2025 మే నుంచి థాయ్‌లాండ్‌కి వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బులు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదు.

ఇక పట్‌పాంగ్, బ్యాంకాక్‌లో బార్లూ రాత్రి షోలూ ఉండే వీధి. మన ఊళ్లలో విత్తనాలు, సిమెంటు, పెయింట్లు అమ్మే కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లని బ్యాంకాక్, పట్టాయా తీసుకెళ్లడం మామూలే, పెళ్లికి ముందు ఫ్రెండ్స్ గ్యాంగులూ అక్కడికే పోతాయి. వీధిలో ఒకడు కార్డు చూపించి, పైఅంతస్తులో షో, బీరు 100 బాతే అంటాడు. లోపలికి వెళ్లి కూర్చున్నాక బిల్లు వేలల్లో వస్తుంది, తలుపు దగ్గర ఇద్దరు నిలబడతారు. ఈ మోసానికి పెట్టుబడి బీరు కాదు, మన సిగ్గు. పదివేలు పోయినా ఫర్వాలేదు గానీ పోలీసులకు చెప్తే ఇంట్లో తెలుస్తుందేమో, తోటి డీలర్లు నవ్వుతారేమో అనుకునే మగాడు దొరికినంత కాలం ఆ మెట్లు ఖాళీగా ఉండవు. నా మాటైతే అసలు పైకి ఎక్కొద్దనే. ఎక్కి ఇరుక్కుంటే లోపల గొడవ పడొద్దు, కట్టి బయటపడి 1155కి ఫోన్ చేయండి. టూరిస్ట్ పోలీసుల నంబరది, ఇంగ్లీషులో మాట్లాడతారు, మీరెందుకు వెళ్లారని వాళ్లు మన పెద్దనాన్నలా క్లాసు పీకరు.

డబ్బు పోతే పోయింది, సంపాదించుకోవచ్చు. ఎవరూ జాగ్రత్త చెప్పని అసలు ప్రమాదం రోడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం థాయ్‌లాండ్‌లో ఏడాదికి లక్ష మందికి 32 మందికి పైగా రోడ్డు మీద చనిపోతున్నారు, మన దేశానికి అదే నివేదిక ఇచ్చిన అంకె 22 చిల్లర. అక్కడ చనిపోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది బైకుల మీద, మూడు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లే. అక్కడా ఎడమవైపే నడుపుతారు కాబట్టి, హైదరాబాద్‌లో నడిపినోడికి ఇదో లెక్కా అనుకుని మనవాళ్లు పట్టాయాలో దిగగానే స్కూటర్ అద్దెకి తీసుకుంటారు. రోడ్లు బాగుంటాయి, స్పీడు ఎక్కువ, హెల్మెట్ పేరుకే ఉంటుంది. ఆర్టీఏ ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్, అందులో టూవీలర్ కూడా లేకపోతే, యాక్సిడెంట్ అయినప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ చేతులెత్తేసే అవకాశం చాలా ఎక్కువ, ప్రైవేట్ ఆస్పత్రి బిల్లు లక్షల్లోకి పోతుంది. అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు తాకట్టు అడిగితే అక్కణ్నుంచి కదలండి. చిన్న గీత చూపించి ఆ పాస్‌పోర్టుతోనే మిమ్మల్ని ఆడిస్తాడు.

చట్టం తెలియక ఇరుక్కునేవాళ్లు ఇంకో రకం. ఈ-సిగరెట్ అక్కడ నిషేధం, వీధిలో అమ్ముతున్నారు కదా అని కొంటే మీదే తప్పు. రాజుగారి మీద జోకు వేస్తే థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్, మూడు నుంచి పదిహేనేళ్ల జైలు, విదేశీయుడని మినహాయింపేమీ లేదు. గంజాయి మీద 2022లో ఆంక్షలు ఎత్తేశారు, 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉంటేనే అని మళ్లీ బిగించారు. మనవైపు చూస్తే బ్యాంకాక్ నుంచి దిగిన బ్యాగుల్లో హైడ్రోపోనిక్ గంజాయి దొరికిందని శంషాబాద్ వార్తలు వస్తూనే ఉన్నాయి. ఎవరో పరిచయమై, ఈ ప్యాకెట్ హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఇవ్వు, టికెట్ ఖర్చు మాది అంటే దాని వెనక ఏముందో వేరే చెప్పాలా. ఎన్‌డీపీఎస్ (మన దేశపు మత్తుమందుల చట్టం) కేసులో బెయిల్ దొరకడమే గగనం.

టూరిస్టులా వెళ్లమని చెప్పి ఉద్యోగానికి పంపేవాళ్లదీ ఇదే దారి. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, జీతం లక్ష అంటారు, దిగాక కారులో సరిహద్దు ఊరు మేసాట్‌కి తీసుకెళ్లి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల కాంపౌండ్లలో పడేస్తారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం వైమానిక దళ విమానాల్లో 500 మందికి పైగా భారతీయుల్ని అక్కణ్నుంచి వెనక్కి తెచ్చింది, వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. టూరిస్టుగా దిగి ఉద్యోగం చేయడం థాయ్ చట్టం ఒప్పుకోదు, కాబట్టి దిగాక వర్క్ వీసా చూస్తామన్న ఏజెంట్‌తో మాట అక్కడితో ఆపేయాలి.

ఇంతా చెప్పి మన సొంత ఏజెంట్‌ని వదిలేస్తే ఎలా? మీ చేతిలో ఉన్న ప్యాకేజీ కాగితం ఒకసారి తీసి చూడండి, మూడో రోజు మధ్యాహ్నం రత్నాల షోరూం విజిట్ అనో, లెదర్ షాపింగ్ అనో చాలావాటిలో రాసి ఉంటుంది. టక్‌టక్ డ్రైవర్ దొంగచాటుగా చేసేది ఇక్కడ ఏసీ బస్సులో, గైడుతో సహా, అధికారికంగా జరుగుతుంది. ఆ స్టాపు తీసేసి రేటెంతో చెప్పమని బుక్ చేసే ముందే అడగండి. రేటు పెరిగితే, ఎంత పెరిగిందో అంత మీ తరఫున షోరూం కట్టబోయిందన్నమాట, ఆ డబ్బు మీ దగ్గరే రాబట్టుకోవాలని అక్కడ వాళ్లు సిద్ధంగా కూర్చుని ఉంటారు.