స్టాక్ బాడీ అంటే షోరూమ్ బండి కాదండీ బాబూ

ఈ వారం నాలుగు గ్రూపుల్లో అదే మెసేజ్. 1953 స్టూడబేకర్ కూపే ఫొటో, వెనకాల తెల్లటి ఉప్పు మైదానం, చుట్టూ రాకెట్ బొమ్మలు. "డెబ్బై ఏళ్ల నాటి అమెరికా కారు. కంపెనీ బాడీతోనే గంటకు 200 మైళ్లు కొట్టింది! అప్పటి ఉక్కు అలాంటిది, ఇప్పటివన్నీ ప్లాస్టిక్ డబ్బాలు. ఉప్పు నేల అద్దంలా ఉంటుంది కనుక మామూలు టైర్లకే గాలి కాస్త ఎక్కువ కొట్టి తొక్కేస్తే చాలు. వెనక పారాచూట్ షో కోసం. అందరికీ పంపండి." అందరూ పంపారు. చదివి పంపినవాళ్లు ఎంతమందో మాత్రం అడగకండి.

మొదట "కంపెనీ బాడీ" సంగతి. ఆ ఉప్పు మైదానం అమెరికా యూటాలోని బోనవిల్, వేగం రికార్డుల పోటీలు జరిగే చోటు. అక్కడ స్టాక్ బాడీ అంటే బయటి రేకు ఆకారం ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలని. అంతే. లోపలికి తొంగిచూస్తే ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన రోల్ కేజ్ (బండి దొర్లినా డ్రైవర్ నలగకుండా కాపాడే పైపుల చట్రం), ఒకే ఒక్క సీటు, మంటలార్పే సిలిండర్లు కనిపిస్తాయి. ఇంజిన్ చాలాసార్లు వేరే కంపెనీది. గ్యాస్ తరగతుల్లో, అంటే పెట్రోలుతోనే నడిచే బండ్ల పోటీల్లో, అయితే పెట్రోలు కూడా అక్కడ అమ్మేదే పోయించుకోవాలి, ట్యాంకుకు సీలు వేస్తారు. 1953లో షోరూమ్ నుంచి బయటికొచ్చిన ఆ బండి వీ8 ఇంజిన్ శక్తి 120 హార్స్‌పవర్. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. 100 మైళ్ల నుంచి 200కు వెళ్లాలంటే రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. ఉక్కు గొప్పదైనంత మాత్రాన గాలి పక్కకు తప్పుకోదు. ఆ బండిని రేసర్లు ఏరికోరి తెచ్చుకునేది దాని ఆకారం కోసం. డిజైనర్ రేమండ్ లోవీ స్టూడియోలో రాబర్ట్ బర్క్ గీసిన ఆ ముక్కు కిందికి వాలి ఉంటుంది, కప్పు ఎత్తు తక్కువ. దాన్ని వదిలేసి ఉక్కును పొగడటం, తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించినట్టే.

ఉప్పు అద్దంలా ఉంటుందట. వాన పడితే అది బురద. 2014, 2015, 2022 ఆగస్టుల్లో అక్కడి వార్షిక పోటీ స్పీడ్ వీక్ రద్దయింది అందుకే. ముందుకు పోదాం.

అసలు మండేది టైర్ల మాట దగ్గర. కొంచెం లెక్క చేద్దాం, అదీ చిన్న లెక్కే. 28 అంగుళాల టైరు గంటకు 322 కిలోమీటర్ల (అంటే ఆ 200 మైళ్ల) దగ్గర సెకనుకు 40 సార్లు తిరుగుతుంది. అప్పుడు ట్రెడ్ (నేలను తాకే పై రబ్బరు పొర) మీది ప్రతి గ్రాము రబ్బరునూ దాని బరువుకు సుమారు 2,300 రెట్ల బలం బయటికి లాగుతుంది. పది గ్రాముల ట్రెడ్ ముక్క 23 కిలోల బస్తాలా లాగుతుందన్నమాట. అలాంటి ముక్కలు చుట్టూ వందల కొద్దీ. అందుకే ఈ వేగాల కోసం చేసిన టైర్లకు ట్రెడ్ దాదాపు ఉండదు, పల్చటి పొర మాత్రమే. మందం ఎక్కువైతే ఊడిపోయేదీ ఎక్కువే. గాలి పెంచితే టైరు పక్కగోడ వంగడం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది, నిజమే. కానీ రబ్బరును దారపు పొరకు పట్టి ఉంచే జిగురును ఏ పంచర్ షాపు కంప్రెసరూ పెంచలేదు.

వాల్వ్ చూడండి. మామూలు రబ్బరు వాల్వ్ ఆ వేగంలో బయటికి వంగిపోతుంది. లోపలి సన్నటి పిన్ను కూడా అదే బలానికి టైరు వైపు జరిగి గాలి వదలొచ్చు. అందుకే లోహపు వాల్వ్, దాని మీద గట్టిగా బిగించిన లోహపు మూత. పది రూపాయల ప్లాస్టిక్ మూత పోతే పోనీలే అనుకునే మనం 200 మైళ్లు కొడతామట!

మన కార్ల టైరు గోడ మీద ఓ అక్షరం ఉంటుంది: టీ అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210, వీ అంటే 240. అదీ మంచి స్థితిలో ఉన్న టైరుకు, సరిపడా గాలితో. నాలుగంకెల తయారీ తేదీ కూడా చూసుకోండి, 2319 అంటే 2019లో 23వ వారం. మెసేజ్ కింద ఒకాయన "ఓఆర్ఆర్ మీద ట్రై చేద్దామా బ్రో" అని రాశాడు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120 కిలోమీటర్లు బ్రో. నీ టైరుకు అదే ఎక్కువ.

పారాచూట్ షో కోసమా? అవునవును, పెళ్లి ఊరేగింపులో గొడుగు కదా అది. ఉప్పు మీద చక్రాలకు పట్టు తక్కువ, బ్రేకు గట్టిగా తొక్కితే బండి పక్కకు తిరుగుతుంది. తోక పక్కకు జారడం మొదలవగానే పారాచూట్ లాగితే తోకను వెనక్కి పట్టుకుని నిటారు చేస్తుంది. దాని పట్టీని బంపర్‌కు కాదు, ఛాసిస్‌కే బిగించాలి. బరువు కేంద్రం ఎత్తుకు బాగా పైనో కిందో కడితే అది బండి ముక్కునో తోకనో ఎత్తేస్తుంది.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. బరువైన బండి ఉప్పు మీద మేలు. ఉక్కు అంటే బరువే కదా, మెసేజ్ రాసినవాడు గుడ్డిగా విసిరిన రాయి తగిలింది. పట్టు తక్కువ కాబట్టి వెనక చక్రాలు ఊరికే గిరగిరా తిరుగుతాయి. అది తగ్గించడానికి రేసర్లు బండిలో సీసం వేస్తారు. వేగం అందుకోవడానికి మైళ్ల కొద్దీ దూరం ఉంది కనుక ఆ బరువుతో పెద్ద నష్టం లేదు. అయితే అది రక్షణ కోసం కాదు, ఉక్కు మహిమా కాదు. బరువు ఎక్కడ వేశారన్నదీ ముఖ్యమే. బాణానికి బరువు ములుకు దగ్గర, ఈకలు వెనక. బండీ అంతే. మొత్తం వెనకే పడేస్తే తోక ముందుకు రావాలని చూస్తుంది. అందుకని కొంత వెనక ఇరుసు దగ్గర, మిగతాది ముందు. సీసం దిమ్మెలన్నీ ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి. డిక్కీలో ఇసుక బస్తా వేసుకోమని తర్వాతి మెసేజ్ రాకముందే చెబుతున్నాను.