పదహారో ఛానెల్ మహిమ

మైకుల శబ్దాలన్నిటినీ కలిపి స్పీకర్లకు పంపే మా పదహారు ఛానెళ్ల మిక్సరులో చివరి ఛానెల్‌కు ఏ తీగా తగిలించి ఉండదు. బెజవాడ సభల్లో, పెళ్లిళ్లలో, టీవీ ప్రత్యక్ష ప్రసారాల్లో సౌండ్ ఇంజనీరుగా పొట్టపోసుకుంటున్న నేను సవినయంగా మనవి చేసేదేమంటే, ఆ పరికరం మొత్తంలో అత్యంత కీలకమైన భాగం అదే.

1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉన్న ఊరు మాది. తరాలుగా రేడియో విని పెరిగిన జనం కనుక ఇక్కడ రెండు చెవులున్న ప్రతివారూ శబ్దశాస్త్ర నిపుణులే. కార్యక్రమం మొదలైన పావుగంటకల్లా నిర్వాహకుల బావమరిది ఒకరు మిక్సరు దగ్గరికి వచ్చి, నడుము మీద చేతులుంచుకొని, "ఏమయ్యా, బేసు సరిపోవట్లేదు, కాస్త పెంచు" అంటారు. నేను వాదించను. హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకొని, కళ్లు అరమోడ్చి, పదహారో ఛానెల్ ఫేడరును, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటను, వెంట్రుకవాసి పైకి జరుపుతాను. ఆయన తల పక్కకు వంచి రెండు క్షణాలు విని, "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అని తృప్తిగా వెళ్లిపోతారు. శబ్దం పెరిగినట్టు తేటగా తెలియాలంటే 3 డెసిబెళ్లయినా పెంచాలి, అందుకు ఆంప్లిఫయరు రెట్టింపు శక్తినివ్వాలి. ఒక్క వాటు ఖర్చు లేకుండా ఆ కార్యం నెరవేర్చే సాధనాన్ని ఇంతవరకు విద్యుత్ పొదుపు పథకాల్లో చేర్చకపోవడం ఏలినవారి ఉదాసీనత తప్ప మరొకటి కాదు.

వక్తల సంగతి వేరు. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలన్నది మా వృత్తి నియమం, బొడ్డు దగ్గర ఉండాలన్నది వారి సంప్రదాయం. దూరం రెట్టింపయిన ప్రతిసారీ మైకుకు అందే గొంతు సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది కాబట్టి, 5 సెంటీమీటర్ల నుంచి 40కి దిగజారిన మైకు కోసం నేను 18 డెసిబెళ్లు పెంచుకోవాలి. అప్పుడా మైకు వక్త మాటలకన్నా మా స్పీకర్ల శబ్దాన్నే శ్రద్ధగా విని, విన్నది మళ్లీ స్పీకర్లకే పంపి, అది తిరిగి తనకే చేరి, చివరకు కూ అని కూస్తుంది. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది. "ఎవరయ్యా మైకు చూసేది?" అని వక్త గారు అదే మైకును నా వైపు చూపిస్తూ గద్దిస్తారు. మైకు నా వైపు ఉంది కనుక ఆ గద్దింపు ఎవరికీ వినపడదు.

టీవీ వ్యవహారం ఇంకా సున్నితమైనది. గుంటూరులో ఒక పెళ్లికి హాల్లోని మిక్సరు నుంచే ప్రసారానికి కూడా శబ్దం తీసుకోమన్నారు. డోలుకు మైకు అక్కరలేదు, ఆ చప్పుడు వీధి చివరకు దానంతటదే వెళుతుంది. మైకు లేనిది మిక్సరులోకి రాదు, మిక్సరులోకి రానిది టీవీలోకి పోదు. విడిగా ఒక మైకు పెడతానంటే మండపం అందం చెడుతుందన్నారు. ఫలితంగా గట్టిమేళం వేళ ఇళ్లలో చూస్తున్న బంధువులకు డోలు వాయించేవారి చేతులు ఆవేశంగా ఊగడం, నేపథ్యంలో పురోహితుల వారి దగ్గు మాత్రం స్పష్టంగా అందాయి. డాలస్ నుంచి ఫోన్లు వచ్చాయి. అన్నీ నాకే.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగల కోసం ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. "రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అని తొమ్మిదింటికి లేచిన మైకాసురుల వారికి ఈ లెక్కలు పట్టవు. చట్టం తన పని తాను చేసుకుపోతూ పది గంటలకు వేదిక ఎక్కకుండా తిన్నగా నా కుర్చీ దగ్గరికి వస్తుంది. కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే: పది దాటాక వేదిక మీది మైకులన్నిటినీ శాసనబద్ధంగా పదహారో ఛానెల్‌కు కలపాలి. ప్రసంగం ఆగదు, చప్పట్లు కొట్టాలనుకునేవారిని ఎవరూ ఆపరు, కాలనీ వాళ్లు నిద్రపోతారు.

మొన్న కార్యక్రమం ముగిసి, కేబుళ్లు చుట్టుకున్నాక, మిగతా డబ్బు సంగతి నిర్వాహకులను అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. నా పద్దు మొత్తం ఓపికగా విని, కళ్లు అరమోడ్చి తల పంకించి, జేబులోంచి డైరీ తీసి, పెన్ను మూత తీయకుండానే అందులో రాసుకున్నారు.