లేక్ వ్యూలో పందికొక్కు

రెండుసార్లు స్నానం చేశాను, బురద వాసన ఇంకా పోలేదు.

నిన్న సాయంత్రం మీటింగులో ఉన్నాను. పైన ఇస్త్రీ చొక్కా, కింద గళ్ళ లుంగీ. తెనాలి నుంచి వచ్చిన అమ్మ బాల్కనీలోంచి "ఒరేయ్, కుక్కపిల్ల మునిగిపోతోందిరా!" అని ఒకటే కేక. ఎలా దిగానో తెలీదు, గట్టు మీదున్నాను. హ్యూస్టన్‌లో మా అపార్టుమెంట్ల వెనక వాననీళ్ళ కోసం తవ్విన గుంట అది. దానికి 'లేక్ వ్యూ' అని పేరు పెట్టి నెలకు 40 డాలర్లు అదనంగా గుంజుతున్నారు. కంచె వేయండి మహాప్రభో అని అపార్టుమెంట్ల ఆఫీసులో మూడుసార్లు మొత్తుకున్నాను.

సర్రున జారాను. మోకాళ్ళదాకా దిగబడ్డాను. కుక్కపిల్ల ఇటు తిరిగింది.

తెల్లటి మీసాలు. వాటి కింద నాలుగు పళ్ళు, బాగా పండిన నారింజ రంగులో. అరవై ఏళ్ళు కిళ్ళీ నమిలిన మా పెదతాతకి కూడా ఆ రంగు రాలేదు. పంటి పైపొర పింగాణీలో ఇనుము ఉంటే అలా ఉంటాయట, రంగు ఎంత ముదిరితే ఆరోగ్యం అంత భేషట. మూతి మూసే ఉంది, పళ్ళు మాత్రం బయటే! పెదాలు పళ్ళ వెనక మూసుకుంటాయి కాబట్టి నీళ్ళలో మునిగి మొక్కల వేళ్ళు కొరికినా గొంతులోకి చుక్క పోదు. దాని పేరు న్యూట్రియా, నీళ్ళలో తిరిగే పెద్ద ఎలుకలాంటి జంతువు. బొచ్చు వ్యాపారం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చి పెంచారు, తప్పించుకున్నవీ వదిలేసినవీ ఊరంతా అయ్యాయి. దీని పాలచన్నులు పొట్ట కింద కాదు, వీపుకి దగ్గరగా పక్కల్లో ఉంటాయి. తల్లి ఈదుతూనే పిల్లలకు పాలిచ్చేస్తుంది. ఇదంతా నిద్రపట్టక రాత్రి చదివింది. అప్పుడు మాత్రం నా నోట "షూ... షూ..." తప్ప మాట రాలేదు. అది కదల్లేదు. నేను కదల్లేను.

ఈలోగా సన్నటి గుండ్రటి తోక నీళ్ళమీద ఆడింది.

"కుక్క కాదురా, పందికొక్కు!" అని పైనుంచి అమ్మ. "ఇక్కడి తిండికి బలిసింది, అంతే." కాదనడానికి నేనెవణ్ణి? ఇంగ్లీషులోకి 'బాండికూట్' అన్న మాట వెళ్ళిందే మన పందికొక్కు నుంచి.

పొద్దున్నే ఆఫీసు నుంచి అందరికీ మెయిలు. వన్యప్రాణుల ప్రశాంతతకు భంగం కలిగించరాదట. పక్కనున్న లూసియానాలో, చిత్తడి నేలల్లోని మొక్కల్ని వేళ్ళతో సహా తినేస్తోందని, నమోదైన వేటగాళ్ళకు దీని తోకకు 6 డాలర్లు చొప్పున ఇస్తున్నారు. ఇక్కడ భంగం కలిగించింది నేను! మెయిలు చివర, ఎవరో పైఅంతస్తు నుంచి తీసిన నా ఫోటో కూడా జోడించారు. మర్యాదగా మొహం మసక చేశారు. గళ్ళ లుంగీని అలాగే ఉంచారు. రెండొందల ఇళ్ళలో అది కట్టేది నేనొక్కణ్ణే.

కంచె ఊసు మాత్రం ఎక్కడా లేదు.